ఆ ముసలి రైఫిల్ తప్పేం లేదు

మెటలర్జీ చదివి ఈ దేశం వచ్చిన అమ్మాయిలు ఈమధ్య ఒకరిద్దరు నాకు ఫోన్ చేశారు. విరిగిన లోహాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం వస్తే చేరవచ్చా, లేకపోతే అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి మారి, ఆ కంపెనీలుండే బ్రాక్‌నెల్‌లో ఒక ఫ్లాట్ చూసుకోవచ్చా అని వాళ్ళ సందేహం. చేరమనే చెప్పాను. కాకపోతే, లోపల పని ఎలా ఉంటుందో తెలిసి చేరమన్నాను. కంపెనీల వెబ్‌సైట్లలో తెల్లకోటు వేసుకుని మైక్రోస్కోపు ముందు నవ్వే అమ్మాయి ఫొటో పెడతారు. నేను షెఫీల్డ్‌లో ఆ పని చేసినన్నాళ్ళూ మైక్రోస్కోపు ముందు నవ్విన గుర్తు లేదు. మనుషులతో వాదించిన గుర్తు మాత్రం బోలెడంత ఉంది.

రెండువేల ఎనిమిదిలో, యాభై దాటి ఎంతో కాలం కాకుండానే, ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా తప్పుకున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, వాటి కథ అంతకన్నా తక్కువ. ఒక్క కేసు గురించి రాస్తాను. ఈ ఉద్యోగంలో ఉన్నదంతా అందులో ఉంది.

పని అంటే ఏమిటి

ఏదో ఒకటి విరుగుతుంది. ఆసుపత్రి ట్రాలీ చక్రం, లిఫ్టు గొలుసు, స్కూల్లో పిల్లలు ఊగే ఉయ్యాల కొక్కెం. విరగడం వల్ల ఎవరికో దెబ్బ తగులుతుంది. అప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ ఆ ముక్కల్ని ఒక సంచిలో పెట్టి మాకు పంపుతుంది. ఎందుకు విరిగిందో మేం చెప్పాలి.

ఎలా విరిగిందో చెప్పడం కష్టమేం కాదు. విరిగిన ముఖాన్ని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నెలల తరబడి సన్నగా పాకిన పగులు అయితే గవ్వ మీద గీతల్లా వరసలు కనిపిస్తాయి, లోపల తుప్పు ఉంటుంది. ఒక్క దెబ్బకు విరిగినదైతే ముఖం తాజాగా మెరుస్తుంది. కష్టమల్లా ఆ తరువాత. మీరు చెప్పబోయే జవాబు అందరూ ముందే నిర్ణయించుకుని ఉంటారు. తయారు చేసినవాడికి ఒక జవాబు కావాలి, వాడినవాడికి ఇంకొకటి, ఇన్సూరెన్సు వాళ్ళకు మూడోది. మీ బాసుకు మాత్రం ఎవరూ గొడవ చెయ్యని జవాబు కావాలి.

నా బాసు పేరు గ్రాహం. చెడ్డవాడు కాదు, పని తెలియనివాడు అంతకన్నా కాదు. చేరిన మొదటి వారం నన్ను టీ పెట్టమన్నాడు. పెట్టాను. మర్నాడు, ఈ రోజు మీ వంతు అన్నాను. ఆ తరువాత మా ల్యాబ్‌లో టీకి కూడా వంతుల పట్టిక వచ్చింది. గ్రాహంకు ఒక జబ్బు ఉండేది. చిక్కు కేసు వస్తే 'పదార్థం వయసు కారణంగా వైఫల్యం' అని రాసి చేతులు దులుపుకునేవాడు. వినడానికి శాస్త్రంలా ఉంటుంది, ఎవరినీ నొప్పించదు. నేరం మోపితే ఉక్కు ఎదురు తిరిగి మాట్లాడదు కదా.

రైఫిల్

చేతి తుపాకులు ఈ దేశంలో నిషేధించాక, టార్గెట్ షూటింగ్ సరదా ఉన్నవాళ్ళు చాలామంది లీవర్ రైఫిళ్ళకు మారారు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కమ్మీని కిందికి లాగి పైకి కొడితే కాల్చిన తూటా ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి వస్తుంది. తూటాలు బారెల్ కిందే ఉండే పొడవాటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. గొట్టం ముందు చివర ఒక స్ప్రింగు వాటిని వెనక్కి తోస్తూ ఉంటుంది. పాత అమెరికన్ రైఫిళ్ళకు సరిపడే తూటాలు అంగట్లో సరిగా దొరకవు కాబట్టి, వాటిని ఇష్టపడేవాళ్ళు సొంతంగా తయారు చేసుకుంటారు. సీసంలో కాస్త తగరం కలిపి కరిగించి, అచ్చులో పోసి గుండ్లు చేస్తారు. వాడేసిన ఇత్తడి తొడుగులో కొత్త తుపాకి మందు కొలిచి పోస్తారు. మూతిలో గుండు దిగేస్తారు. చట్టం ఒప్పుకున్న సరదానే.

అలాంటి రైఫిల్ ఒకటి, నూరేళ్ళు పైబడినది, నాటింగ్‌హామ్ దగ్గర ఒక క్లబ్‌లో పేలింది. తూటా తొడుగు వెనక్కి చీలింది, వాయువు వెనక్కి తన్నింది, రైఫిల్ పక్కపలక పగిలింది. ఇత్తడి ముక్క ఒకటి కాల్చినాయన కుడి కంట్లో గుచ్చుకుంది. ఆ కన్ను దక్కలేదు.

కాల్చినాయన పేరు హారీ. డెబ్భై దగ్గర వయసు, క్లబ్‌లో కొత్తవాళ్ళందరికీ గుండ్లు పోయడం నేర్పేవాడు. ఆ రైఫిల్ మాత్రం ఆయనది కాదు. ఆ రోజు సరదాగా ఒకసారి కాలుస్తానని అడిగి తీసుకున్నాడు. రైఫిలూ తూటాలూ రెండూ డాక్టర్ శేషగిరివి. అక్కడి ఆసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టరు, మన కృష్ణా జిల్లా మనిషి.

క్లబ్‌లో అందరూ అనుకున్నది ఒకటే: శేషగిరి ఒక తొడుగులో మందు రెండుసార్లు పోశాడు. ఈ మాట ఆసుపత్రి దాకా పాకింది. మత్తు డాక్టరు కొలత తప్పాడన్న మాట ఆసుపత్రిలో వినిపించడం ఎలాంటిదో నేను విడమరచి చెప్పనక్కరలేదు. పోలీసులు ఆయన తుపాకి సర్టిఫికెట్ ఆపి ఉంచారు. అన్నిటికీ మా రిపోర్టు కోసమే ఎదురుచూపు.

కేసు నాకు వచ్చిన మూడో రోజున ఫోన్ వచ్చింది.

"మేడమ్, లెటర్ మీద మీ ఇంటిపేరు చూశానండి. మాది గుడివాడ. మీదీ అటువైపేనా?"

"డాక్టర్ గారూ, మాది ఎటువైపైనా రైఫిల్ మీదే. రిపోర్టు అయ్యేదాకా నాతో మాట్లాడకూడదు" అని పెట్టేశాను. పెట్టేసి, లేచి వెళ్ళి, ఫలానా ఆయన ఫోన్ చేశాడు, మా భాషవాడు, ఇదివరకు పరిచయం లేదు అని గ్రాహంకు చెప్పాను. మీరు నేర్చుకోవలసిన మొదటి విషయం ఇది. మనవాళ్ళు ఈ దేశంలో తక్కువ. ఎవరో ఒకరు ఇంటిపేరు పట్టుకుని వస్తారు. అది తప్పు కాదు. దాచితే తప్పు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, పాపం మనవాడు కదా, కాస్త చూడు అన్నారు. చూడటానికే నాకు జీతం ఇస్తున్నారని చెప్పాను.

రెండు డబ్బాలు

మా ల్యాబ్‌కు తుపాకులు ఉంచుకునే అనుమతి లేదు. రైఫిల్ నాటింగ్‌హామ్‌లో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల షాపులో భద్రంగా ఉంది. నేనే అక్కడికి వెళ్ళాను. ఇదీ గుర్తు పెట్టుకోండి: పంపిన ముక్కల దగ్గరే కూర్చోకండి. విరిగిన వస్తువు ఉన్న చోటికి వెళ్ళండి. ఎవరికీ పనికిరాదనుకున్నది పక్కనే పడి ఉంటుంది.

పగిలిన పలక చూశాను. ముఖమంతా తాజా విరుపు. పాత పగులు లేదు, తుప్పు లేదు. షాపువాళ్ళు కోసి ఇచ్చిన చిన్న ముక్కను ల్యాబ్‌లో పరీక్షించాను. ఆ కాలపు ఉక్కు ఎంత గట్టిగా ఉండాలో అంత గట్టిగానే ఉంది. నేటి ఉక్కులాగా ఒత్తిడిని ఓర్చుకోలేదు, నిజమే. కానీ అదే రైఫిల్ అదే డాక్టరు చేసిన తూటాలను రెండేళ్ళుగా కాలుస్తోంది. ఆ రోజు ఏం మారింది?

మందు సంగతి ముందు తేల్చాను. ఆయన వాడిన రకం మందు ఉబ్బుగా ఉంటుంది. ఒక కొలతకే తొడుగు సగం దాటి నిండుతుంది. రెండుసార్లు పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది, గుండు దిగదు. పోసి చూశాను, అలాగే పడింది. మిగిలిన తూటాల్లో కొన్ని విప్పించి మందు తూచాను. అన్నింటిలో ఒకటే తూకం. మా ల్యాబ్‌లో అంత నిలకడగా తూచే మనిషిని నేను చూడలేదు. క్లబ్‌వాళ్ళ ఊహ అక్కడితో చచ్చింది.

తూటాలు రెండు డబ్బాల్లో ఉన్నాయి. ఒకదాంట్లో డాక్టరు ఇంటి నుంచి తెచ్చినవి, వాడనివి. రెండోది పొగాకు డబ్బా. ప్రమాదం తరువాత రైఫిల్ గొట్టంలోంచి తీసిన మిగతా తూటాలు అందులో వేశారు. అన్నీ ఒక్కలాంటివే కదా, కలిపేద్దామా అని షాపాయన అడిగాడు. కలపవద్దని అరిచినంత పని చేశాను. తరువాత కొలిచాను. ఇంటి డబ్బాలోవి అన్నీ ఒకే పొడవు. పొగాకు డబ్బాలోవి అన్నీ పొట్టివి. పొట్టిదనం కూడా ఒక్కలా లేదు, ఒకటి కొంచెం, ఒకటి ఎక్కువ. గుండ్లు తొడుగుల్లోకి జారిపోయాయి.

ఇక మిగతా చిక్కు తేలికగానే విడిపోయింది. రైఫిల్ పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నుతుంది. గొట్టంలో వరసగా ఉన్న తూటాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ముందున్న తూటా అడుగు వెనకదాని గుండును తొడుగులోకి నెడుతుంది. గుండు లోపలికి పోతే మందుకు ఉన్న చోటు తగ్గుతుంది. అదే మందు ఇరుకు చోట మండితే ఒత్తిడి అమాంతం పెరిగిపోతుంది. పాత రోజుల్లో నల్ల తుపాకి మందును తొడుగు నిండా కూరేవారు. గుండు దాని మీదే కూర్చునేది కాబట్టి జారడానికి చోటు ఉండేది కాదు. ఇప్పటి మందు తొడుగు నింపదు. అందుకని గుండు దిగేశాక తొడుగు మూతిని లోపలికి నొక్కి గుండు చుట్టూ బిగించాలి. శేషగిరి తూటాల్లో ఒక్కదానికీ మూతి బిగించి లేదు.

మరి రెండేళ్ళుగా ఏం కాలేదేం? డాక్టరు నింపాదిగా గురి చూసే రకం. గొట్టంలో రెండు మూడు తూటాలే వేసుకుంటాడు. హారీ ఆ రోజు లీవర్ మోజులో గొట్టం నిండా నింపి వరసగా కాల్చాడు. చివర్లో ఉన్న తూటాలు అన్ని తన్నులూ తిన్నాయి.

గాజు గదిలో

గ్రాహం రిపోర్టు ముసాయిదా రాసి పెట్టాడు. ఊహించే ఉంటారు: వయసు కారణంగా పదార్థ వైఫల్యం. డాక్టరు ఊరటపడతాడు, క్లబ్ ఊరటపడుతుంది, రైఫిల్‌కు ఎలాగూ నూరేళ్ళు అన్నాడు.

"నాకు నూరేళ్ళు వస్తే నా మీద కూడా రాస్తారా?" అన్నాను. నా కొలతలు ఆయన బల్ల మీద పెట్టాను. చూశాడు, మళ్ళీ చూశాడు, తన కాగితం చింపి బుట్టలో వేశాడు. అంత మాత్రం నిజాయితీ ఉన్న బాసు దొరికితే సరిపెట్టుకోండి. మొదటిసారే సరిగ్గా రాసే బాసు కోసం చూస్తే ఇంట్లో కూర్చోవాలి.

రిపోర్టు సంతకానికి సిద్ధమయ్యాక, తూటా తయారు చేసిన మనిషిగా శేషగిరిని ల్యాబ్‌కు పిలిచి ఏం తేలిందో చెప్పాలన్నాను. అలా చెప్పడం మా పద్ధతి. గ్రాహం గాజు గోడ అవతల తన గదిలో ఉన్నాడు. ఇవతల మేమిద్దరం.

శేషగిరి చాలా మర్యాదగా వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, నిద్రలేని కళ్ళతో. మందు కొలత తప్పలేదని ముందు చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరువాత గుండు జారడం గురించి చెప్పాను. మూతి ఎందుకు బిగించలేదని అడిగాను.

బిగిస్తే మెత్తటి సీసం నలుగుతుంది, గురి చెదురుతుంది అన్నాడు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నారన్నాను.

మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేకుండా, ఆయన అచ్చుతో ఆయన కొలతలకే తయారు చేయించిన ఒక ఉత్తుత్తి తూటా బల్ల మీద పెట్టాను. దాన్ని నిలబెట్టి, గుండును బొటనవేలితో నొక్కమన్నాను. నొక్కాడు. గుండు మెల్లగా లోపలికి దిగింది. వేలు తీసి తన బొటనవేలినే చూసుకున్నాడు.

"హారీ నేర్పాడండి" అన్నాడు చివరికి. "ఆయనది ఒక్కొక్క తూటాయే చేత్తో వేసి కాల్చే రైఫిల్. దానికి మూతి బిగించనక్కర్లేదు. నేను అదే ఇక్కడా చేశాను."

"అంటే ఆయన రైఫిల్‌కు కుదిరిన పద్ధతిని మీ రైఫిల్‌కు పెట్టారు. ఒక పేషెంటు చీటీ ఇంకో పేషెంటుకు ఇస్తారా మీరు?"

"ఇవ్వను మేడమ్. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కటి చెయ్యండి. ఉక్కు పాతదని రాయండి."

"మీ సర్టిఫికెట్ కోసమా?"

"సర్టిఫికెట్ ఎటైనా పోనివ్వండి." మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "మూతి బిగించకపోవడం వల్ల అని మీరు రాస్తే, అది ఎవరి పాఠమో క్లబ్‌లో ప్రతివాడికీ తెలుసు. ఆయనకి కన్ను పోయిందండి. నీ పాఠమే నీ కన్ను తీసిందని చెప్పమంటారా ఆ ముసలాయనకి?"

గాజు అవతల గ్రాహం లేచి నిలబడ్డాడు. గొడవ అనుకున్నట్టున్నాడు. ఏం లేదు, మేం మాట్లాడుకుంటున్నాం అంతే అని చెయ్యి ఊపాను.

నిజం చెబుతాను. స్వార్థం కోసం అబద్ధం అడిగేవాళ్ళను తోసిపుచ్చడం తేలిక. ఆ మనిషి తన పరువు పక్కన పెట్టి, ఇంకొకరి మనసు కోసం అడుగుతున్నాడు. ఇలాంటివాళ్ళ దగ్గరే మన పని గల్లంతవుతుంది.

"హారీ దగ్గర ఇంకా ఎవరెవరు నేర్చుకున్నారు?" అన్నాను.

కొత్తగా చేరినవాళ్ళందరూ అన్నాడు.

"లీవర్ రైఫిళ్ళు ఉన్నవాళ్ళలో ఎంతమంది మూతి బిగిస్తారు?"

ఆయన బల్ల వైపు చూస్తూ ఒక్కొక్క మొహం గుర్తు చేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "ఎవరూ బిగించరండి" అన్నాడు.

"మరి నేను ఉక్కు పాతదని రాస్తే వాళ్ళేం చేస్తారు? మనది కొత్త రైఫిలే కదా అని నిశ్చింతగా కాలుస్తారు. ఈ కన్ను పోయింది డాక్టర్ గారూ. దాన్ని నేను తేలేను, మీరూ తేలేరు. మనం మాట్లాడుకునేది అవతలివాళ్ళ కళ్ళ గురించి."

రిపోర్టు ఎప్పుడు వెళుతుందని అడిగాడు. సోమవారం అన్నాను. పోస్టులో హారీకి అందకముందే నేనే చెబుతానన్నాడు. వెళ్ళేటప్పుడు ఆ ఉత్తుత్తి తూటా అడిగి తీసుకున్నాడు.

రిపోర్టులో ఎవరు నేర్పారన్నది రాయలేదు. అది నా పని కాదు. మందు కొలత సరిగ్గా ఉంది, ఉక్కులో లోపం లేదు, మూతి బిగించనందువల్ల గొట్టంలో గుండు జారింది. అంతే రాశాను. ఆ తరువాత పోలీసులు శేషగిరి సర్టిఫికెట్ తిరిగి ఇచ్చారు. ఆసుపత్రిలో ఆ మాట ఆగింది. నన్నెవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని చేరితే నిరాశపడతారు.

హారీ

ల్యాబ్ ఫోన్ ఒకరోజు మోగింది. బొంగురు గొంతు.

"నా కన్ను నేనే పోగొట్టుకున్నానని రాసింది నువ్వేనా, డక్?" నాటింగ్‌హామ్‌లో పెద్దవాళ్ళు ఎవరినైనా అలాగే పిలుస్తారు, కోపంలోనైనా.

"మీ పేరు రాయలేదు. గుండు జారిందని రాశాను" అన్నాను.

"నువ్వు రాయకపోతే నాకు అర్థం కాదనుకున్నావా?" అని తిట్టాడు. తూటాలు పుట్టినప్పటి నుంచి తను పోస్తున్నాడట, గాజు గదిలో కూర్చునే ఆడదానికి ఏం తెలుసట. నేను ఊరుకునే రకం కాదు. గాజు గదిలోనే కూర్చుని కొలిచాను, మీరు ఎక్కడ కూర్చుని కొలిచారు అని అడిగాను. చివరికి, శనివారం క్లబ్‌కు రాగలవా అన్నాడు. అది రిక్వెస్టో బెదిరింపో తెలియలేదు. వెళ్ళాను.

క్లబ్ గది చిన్నది. పొడవాటి బల్ల చుట్టూ ఏడెనిమిది మంది మగవాళ్ళు, గోడ పక్కన శేషగిరి. హారీ బల్ల చివర కూర్చుని ఉన్నాడు. కుడి కంటి మీద నల్లటి గుడ్డ. మందూ ప్రైమరూ లేకుండా, ఇంట్లో చేసుకునే పద్ధతిలోనే ఒక్కొక్క ఉత్తుత్తి తూటా చేసి తెమ్మని వాళ్ళందరికీ ముందే చెప్పి ఉంచాడు. నాకు ఆ సంగతి తెలియదు.

"మీకు నేను నేర్పింది తప్పు" అన్నాడు. ఇంకేమీ కలపలేదు. "ఈమె చెబుతుంది. వినండి."

నేను చెప్పాను. గొట్టం, తన్నులు, జారడం. ఇద్దరు ముగ్గురు తల ఊపారు, నమ్మినట్టు మాత్రం లేదు. మాది కొత్త రైఫిల్ అని ఒకాయన గొణిగాడు. హారీ ఆయన ముందున్న తూటాను బల్ల మీద నిలబెట్టి, గుండు మీద బొటనవేలు పెట్టమన్నాడు. ఆయన పెట్టలేదు. చేతులు కట్టుకుని, నాకేం అవసరం లేదు, నాది గట్టిగానే ఉంటుంది అన్నాడు.

"నొక్కు" అన్నాడు హారీ. "నాకు ఒకటే ఉంది. నీకింకా రెండున్నాయి."

ఆయన నొక్కాడు. గుండు చప్పుడు లేకుండా తొడుగులోకి దిగిపోయింది. పక్కాయన అడగకుండానే తనది నొక్కాడు. అదీ దిగింది. ఆ తరువాతది ఇంకొంచెం బిగువుగా ఉంది కానీ దిగింది. బల్ల ఆ చివర దాకా వరసగా వేళ్ళు కదిలాయి.

శేషగిరి తన సంచిలోంచి మూతి బిగించే పనిముట్టు తీసి హారీ ముందు పెట్టాడు. అది ఎలా పనిచేస్తుందో తను ఎప్పుడూ చూడలేదని హారీ ఒప్పుకున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, తల కుడివైపు తిప్పి ఎడమ కంటితో చూస్తూ, మెల్లగా చెయ్యమన్నాడు. మిగతావాళ్ళు ఒకరి తరువాత ఒకరు వెళ్ళి కార్లలోంచి తమ తూటాల పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టారు, విప్పేయడానికి. ఆ శనివారం ఎవరూ కాల్చడానికి వెళ్ళలేదు.